జూన్ వాన మనది కాదు: నెల్లూరు, ప్రకాశం ఇళ్లలో కుండీ మొక్కల పెంపకం, మొదటి నుంచి చివరిదాకా

నర్సరీలో మొక్కతో పాటు ఇచ్చే చీటీ మీద "వారానికి రెండుసార్లు నీళ్లు, వర్షాకాలం మొదట్లో కుండీ మార్చాలి" అని ఉంటుంది. అది రాసినవాళ్ల ఊళ్లో జూన్‌లో వాన మొదలవుతుంది. మనకు జూన్‌లో ఉండేది పడమటి గాలి. రోహిణి కార్తె పోయి మృగశిర వచ్చినా నెల్లూరులో మధ్యాహ్నం బయటికొస్తే మొహం కాలుతుంది. మనకు అసలు వాన అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా, ఈశాన్య రుతుపవనాలతో, వాయుగుండాలతో వస్తుంది. నెల్లూరు తీరంలో ఏడాది మొత్తం వానలో సగానికి పైగా ఆ మూడు నెలల్లోనే పడుతుంది.

కాబట్టి మన దగ్గర కుండీ మొక్కకు గండాలు రెండు. ఒకటి మే, జూన్ వేడి. రెండోది నవంబర్ ముసురు. ఈ రెంటినీ లెక్కలో పెట్టుకుని మొక్క, మట్టి, చోటు ఎంచుకుంటే మిగతా తొమ్మిది నెలలూ పెద్ద టెన్షన్ ఉండదు. ఇంట్లో, వరండాలో, మిద్దె మీద కుండీలు పెట్టుకునేవాళ్ల కోసం రాస్తున్నాను. పెరటి తోట, కూరగాయల జోలికి వెళ్లడం లేదు.

1. మొక్క కొనకముందు ఎండ ఎక్కడ పడుతుందో చూడండి

ఒక ఆదివారం పొద్దున ఎనిమిదికి, మధ్యాహ్నం పన్నెండుకు, సాయంత్రం నాలుగుకు ఇల్లంతా ఓసారి తిరగండి. మొక్క పెట్టాలనుకున్న చోట తెల్ల కాగితం పరిచి, దానికి అడుగు ఎత్తులో చెయ్యి పెట్టండి. వేళ్ల నీడ అంచులతో సహా తెలిస్తే అది ఎండ చోటు. చేతి ఆకారం మసకగా కనిపిస్తే ఆకు మొక్కలకు సరిపోయే వెలుతురు. నీడే పడకపోతే అక్కడ ఏ మొక్కా ఎదగదు, ఉన్న ఆకులతో కొన్నాళ్లు నెట్టుకొస్తుంది అంతే.

తూర్పు వరండా ఉన్నవాళ్లు అదృష్టవంతులు. పొద్దుటి ఎండ తగిలి పదకొండుకల్లా నీడ వస్తుంది. పడమటి గోడతో జాగ్రత్త. పగలంతా వేడెక్కి రాత్రి పదింటికి కూడా సెగ కక్కుతుంది. దాన్ని ఆనించి కుండీ పెట్టకండి.

ఉత్తరం వైపు నీడ ఉంటుంది కదా అని చాలామంది అక్కడ ఫెర్న్‌లు, కలాథియాలు పెడతారు. నెల్లూరు ఉన్నది 14 డిగ్రీల చిల్లర అక్షాంశం మీద. ఏప్రిల్ నెలాఖరు నుంచి ఆగస్టు రెండో వారం దాకా మధ్యాహ్నం సూర్యుడు మన నడినెత్తికి ఉత్తరంగానే ఉంటాడు. ఒంగోలులోనూ కొద్ది రోజుల తేడాతో ఇంతే. అంటే ఏడాదిలో వేడి ఎక్కువగా ఉండే రోజుల్లోనే ఉత్తరపు వరండాలోకి ఎండ దిగుతుంది. దక్షిణం వైపు దీనికి పూర్తిగా వ్యతిరేకం. మేలో నీడ, డిసెంబర్‌లో లోపలి దాకా ఎండ. ఆకుల్లో, కాండంలో నీళ్లు దాచుకునే సక్యులెంట్లకు, కాక్టస్‌లకు చలికాలంలో దక్షిణపు కిటికీని మించినది లేదు. ఏడాదికి రెండుసార్లు కుండీలను అటూ ఇటూ మార్చే ఓపిక ఉంటే రెండు వైపులూ పనికొస్తాయి.

2. మీ నీళ్ల సంగతి తెలుసుకోండి

ఇక్కడ ఆగి కొంచెం ఎక్కువే చెప్పాలి. మన రెండు జిల్లాల్లో మొక్కల ఆకు కొసలు మాడిపోవడానికి ఎండ కంటే నీళ్లే ఎక్కువసార్లు కారణం. తీరంలో, ముఖ్యంగా రొయ్యల చెరువులున్న పల్లెల్లో బోరు నీళ్లు ఉప్పు తిరిగి ఉంటాయి. ఉమ్మడి ప్రకాశం పడమటి భాగంలో కనిగిరి, పొదిలి వైపు ఫ్లోరైడ్ సమస్య.

నీళ్లలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటర్ కొన్ని వందల రూపాయలకు దొరుకుతుంది, ఒకటి కొనండి. సాగునీటికి ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఇచ్చిన కొలమానం ప్రకారం లీటరుకు 450 మిల్లీగ్రాముల లోపు లవణాలుంటే ఏ మొక్కకైనా ఇబ్బంది లేదు. 2000 దాటితే చాలా మొక్కలు తట్టుకోలేవు. ఈ రెంటి మధ్య ఉన్నప్పుడు అడీనియం, బోగన్‌విల్లా, స్నేక్ ప్లాంట్ లాంటివి సర్దుకుంటాయి, ఆంథూరియం, కలాథియా, ఆర్కిడ్ సర్దుకోవు.

ఆర్వో ఫిల్టర్ నుంచి బయటికి పోయే నీళ్లు వృథా ఎందుకని కుండీల్లో పోస్తుంటారు. మూడు లీటర్ల బోరు నీళ్లలో ఒక లీటరు తాగడానికి వచ్చిందంటే, ఆ మూడు లీటర్ల ఉప్పూ దాదాపు అంతా మిగిలిన రెండు లీటర్లలో చేరినట్టే. 1000 ఉన్న నీళ్లు 1500కు దగ్గరవుతాయి. వాటితో బండలు కడగండి, కుండీలకు వద్దు.

దానికి బదులు ఏసీ పైపు కింద బకెట్ పెట్టండి. గాలిలోని తేమే చల్లబడి నీరై కారుతుంది కాబట్టి దాన్లో లవణాలు దాదాపు ఉండవు. మన ఉక్కపోత రాత్రుల్లో బాగానే పోగవుతుంది. ఆర్కిడ్లు, ఫెర్న్‌లు ఉన్నవాళ్లకు ఇదే ఆధారం. అక్టోబర్, నవంబర్ వాన నీళ్లను డ్రమ్ముల్లో పట్టి మూత పెట్టుకుంటే మరీ మంచిది. మూత తీసి ఉంచితే దోమలకు నెలవవుతుంది.

స్పైడర్ ప్లాంట్, డ్రసీనా, కలాథియాలకు ఫ్లోరైడ్ అంటే పడదు. ఆకు చివర గోధుమ రంగు తిరిగి ఆ మచ్చ లోపలికి పాకుతుంది. కనిగిరి వైపు ఇళ్లలో ఇవి పెంచాలంటే వాన నీళ్లే గతి. సూపర్ ఫాస్ఫేట్‌లోనూ కొంత ఫ్లోరైడ్ ఉంటుంది, ఈ మొక్కలకు ఆ ఎరువు మానేయండి.

కుండీ బయట తెల్లటి పొర కడుతోందంటే లోపల ఉప్పు చేరిందని అర్థం. నెలకోసారి కుండీని బయట పెట్టి, దాని పరిమాణానికి రెండు మూడింతల మంచి నీళ్లు నెమ్మదిగా పోసి కింది నుంచి పోనివ్వండి.

3. మొక్కల ఎంపిక

మన నర్సరీల సరుకులో చాలా భాగం కడియం నుంచి లారీల్లో వస్తుంది. సక్యులెంట్లు ఎక్కువగా పూణె, బెంగళూరు, కాలింపాంగ్ లాంటి చల్లటి చోట్ల పెరిగినవి. కాలింపాంగ్‌లో గుండ్రంగా, నీలంగా మెరిసిన ఎచివేరియా ఇక్కడి మేలో ఎలా ఉంటుందో తెలియాలంటే దాని పుట్టిల్లు చూడాలి. మెక్సికో కొండలు. పగలు ఎండ గట్టిగానే ఉన్నా రాత్రి చలి వేస్తుంది. ఇలాంటి మొక్కలు నీటిని దాచుకోవడానికి ఆకు రంధ్రాలను పగలు మూసి రాత్రి తెరుస్తాయి, కార్బన్ డయాక్సైడ్‌ను అప్పుడే లోపలికి తీసుకుంటాయి. మేలో మనకు రాత్రి కూడా 30 డిగ్రీల దగ్గరే ఉంటే వాటికి తెరిపి ఉండదు. పగటి ఎండకు నీడ కట్టగలం, రాత్రి వేడికి ఏం చేస్తాం?

అందుకే సక్యులెంట్లను నేను మూడు రకాలుగా చూస్తాను.

కళ్లు మూసుకుని కొనదగ్గవి: అడీనియం, యుఫోర్బియా మిలై, కలబంద, అగేవ్, రణపాల, జేడ్ అని అమ్మే పోర్చులకారియా, పాకిపోడియం, చాలా రకాల కాక్టస్‌లు. నీడలో స్నేక్ ప్లాంట్, జీజీ ప్లాంట్. మన కొండల్లో తమంతట తాము పెరిగే జెముళ్లు, కుందేలు కొమ్ములు చూస్తే ఇది సక్యులెంట్లకు అచ్చొచ్చిన నేలేనని తెలుస్తుంది. కొండకెళ్లి పీక్కురావద్దు, నర్సరీలో పెంచినవే అడగండి.

నీడ చూసి పెంచుకోదగ్గవి: హవర్తియా, గాస్టేరియా, గ్రాప్టోపెటలమ్. ఎండాకాలంలో ఎదుగుదల ఆపేస్తాయి. అప్పుడు వాటిని పలకరించకపోతేనే మంచిది.

మూడోది ఎచివేరియా, ఎయోనియం, లిథాప్స్. చేమంతి కుండీ కొన్నట్టు డిసెంబర్‌లో కొని మార్చి దాకా చూసి ఆనందించే ఉద్దేశం ఉంటే కొనండి. ఏళ్ల తరబడి ఉంటుందనే ఆశతో మాత్రం వద్దు.

ఆకు మొక్కల్లో మనీ ప్లాంట్, సింగోనియం, ఆగ్లోనిమా, ఫిలోడెండ్రాన్, అరెకా పామ్ మన ఉక్కపోతను ఇష్టపడతాయి. పసిఫిక్ సముద్రంలోని మోరియా దీవి నుంచి వచ్చిన మనీ ప్లాంట్‌కు నెల్లూరు గాలి కొత్తేం కాదు. ఆర్కిడ్లలో డెండ్రోబియం, వాండా సులువు. ఫెలనాప్సిస్ పూల కాడ వేయడానికి చల్లటి రాత్రులు కావాలి, ఇక్కడ ఆ అవకాశం డిసెంబర్, జనవరిలోనే.

గాలిని శుభ్రం చేస్తాయని కొనేవాళ్లకు ఒక మాట. 1989 నాటి నాసా ప్రయోగాలు మూసిన చిన్న గదుల్లాంటి పెట్టెల్లో జరిగాయి. కిటికీలు తెరిచి ఉండే ఇంట్లో నాలుగు కుండీలతో ఆ ఫలితం రాదు. కంటికి బాగుంటుందని కొనుక్కోండి, ఆ కారణం చాలు.

చిన్నపిల్లలున్న ఇంట్లో డిఫెన్‌బాకియా అందే ఎత్తులో ఉంచకండి, ఆకు కొరికితే నోరు వాస్తుంది. అడీనియం పాలు విషం. యుఫోర్బియా పాలు కంట్లో పడితే మంట మామూలుగా ఉండదు. కత్తిరించేటప్పుడు చేతికి తొడుగు వేసుకోండి.

4. మట్టి కలపడం

ఒంగోలు వైపు దొరికే నల్లరేగడి కుండీకి పనికిరాదు. తడిస్తే ముద్ద, ఆరితే ఇటుక. మైపాడు, కొత్తపట్నం తీరాల ఇసుక ఉప్పు, అదీ వద్దు. ముతక ఏటి ఇసుక జల్లెడ పట్టి, మెత్తటిది కిందికి పోగా పైన మిగిలిన రవ్వ వాడండి.

వరి పండే జిల్లాలో ఉన్నందుకు మనకు దొరికే మంచి వస్తువు కాల్చిన ఊక. పూర్తిగా బూడిదైనది కాదు. నల్లగా మాడి, గింజ ఆకారం చెడకుండా ఉన్నది. చేతిలో నలిపితే గరగరలాడాలి. తెల్ల బూడిద అయితే నీళ్లు పట్టగానే గట్టిపడుతుంది, మట్టిలో క్షారం పెంచుతుంది. నల్ల ఊక తేలిక, గాలి ఆడుతుంది, ఖరీదు లేదు. మట్టి గుల్లగా ఉండడానికి దుకాణాల్లో అమ్మే పెర్లైట్ బదులు నిశ్చింతగా వాడవచ్చు.

సక్యులెంట్లకు ముతక ఇసుక రెండు పాళ్లు, కాల్చిన ఊక రెండు పాళ్లు, ఎర్రమట్టి ఒకటి, వర్మీ కంపోస్ట్ ఒకటి. గుప్పెడు వేపపిండి. కలిపాక కుండీలో నింపి పైనుంచి చెంబుడు నీళ్లు పోయండి. చూస్తుండగానే ఇంకిపోవాలి. పది లెక్కపెట్టేసరికి ఇంకా నిలిచి ఉంటే మరింత ఇసుక, ఊక కలపండి.

ఆకు మొక్కలకు కొబ్బరి పొట్టు రెండు పాళ్లు, ఎర్రమట్టి, ఊక, వర్మీ కంపోస్ట్ ఒక్కో పాలు. కొబ్బరి పొట్టులో ఉప్పు ఉంటుంది, వాడేముందు రెండు మూడు నీళ్లలో నానబెట్టి పిండాలి. కుండీ అడుగున రాళ్లు పరిస్తే నీళ్లు త్వరగా దిగుతాయని అందరూ చేస్తారు కానీ, దానివల్ల తడి నిలిచే పొర వేర్లకు ఇంకా దగ్గరగా వస్తుందే తప్ప లాభం లేదు. రంధ్రానికి అడ్డంగా ఒక పెంకు ముక్క చాలు. పైన అలంకారానికి చీమకుర్తి నల్ల గ్రానైట్ చిప్స్ వేస్తే అందంగానే ఉంటుంది, ఎండలో పెట్టే కుండీకి మాత్రం వద్దు, కొలిమి అవుతుంది.

5. కుండీ, కుండీ మార్చే కాలం

సక్యులెంట్లకు మట్టి కుండీ, ఆకు మొక్కలకు ప్లాస్టిక్‌దైనా సరే. మిద్దె మీద నల్ల ప్లాస్టిక్ కుండీ ఎండ తగిలే వైపు వేర్లను ఉడకబెడుతుంది. లేత రంగువి తీసుకోండి. స్లాబ్ మీద నేరుగా కాకుండా రెండు ఇటుకల మీద పెడితే కింది సెగ తగ్గుతుంది, రంధ్రమూ మూసుకుపోదు.

కుండీ మార్చడానికి మన కాలం జనవరి చివరి నుంచి మార్చి మొదటి వారం దాకా. అప్పుడు మారిస్తే ఎండలు ముదిరేలోగా వేర్లు నిలదొక్కుకుంటాయి. ఆకు మొక్కలకు ఆగస్టు, సెప్టెంబర్ కూడా పరవాలేదు. జూన్‌లో వద్దే వద్దు.

అడీనియం సంగతి కొంచెం వివరంగా. ఫిబ్రవరిలో నీళ్లు ఆపి వారం తర్వాత కుండీలోంచి తీయండి. మట్టి దులిపి, దుంపను బొటనవేలితో చుట్టూ నొక్కి చూడండి. గట్టిగా ఉంటే ఆరోగ్యం. నీళ్లు ఆపినందుకు మొత్తం కొంచెం మెత్తబడితే భయం లేదు. ఒకచోట మాత్రమే వేలు దిగి, తడిగా, చెడు వాసనతో ఉంటే అది కుళ్లు. కత్తిని స్పిరిట్‌తో తుడిచి, గోధుమ రంగు కనిపించినంత మేరా కోసేయండి. కోసిన ముఖమంతా తెల్లగా వచ్చేదాకా ఆగకండి, మళ్లీ మళ్లీ కత్తి తుడవండి. శిలీంద్రనాశక పొడి అద్ది నీడలో వారం, పది రోజులు ఆరనివ్వాలి. కోత మీద బెరడులా పొర కట్టాక నాటండి. ఆరోగ్యంగా ఉన్నదాన్ని కూడా పాత లోతు కంటే అంగుళం పైకి నాటితే దుంప ఏటేటా బయటపడి చూడముచ్చటగా తయారవుతుంది. అదే రోజు కొమ్మలను సగానికి కత్తిరించండి, ప్రతి కోత కిందా రెండు మూడు చిగుళ్లు వస్తాయి. నాటిన వారం దాకా నీళ్లు పోయకండి.

6. నీళ్లు ఎప్పుడు పోయాలి

రోజులు లెక్కపెట్టే పద్ధతి వదిలేయండి. కాలిపోయిన అగరబత్తి పుల్లను మట్టిలోకి నిలువుగా గుచ్చి పది నిమిషాల తర్వాత తీయండి. పుల్లకు మట్టి అంటుకుని తడి కనిపిస్తే ఆ రోజు నీళ్లు వద్దు. సక్యులెంట్‌కైతే అడుగుదాకా పొడిగా రావాలి, ఆకు మొక్కకు పై రెండు అంగుళాలు పొడిబారితే చాలు. పోసినప్పుడు కింది నుంచి కారేదాకా పోయండి, పళ్లెంలో నిలిచినవి అరగంటలో పారబోయండి. డెంగీ దోమకు ఆ పళ్లెం నీళ్లు చాలు.

ఎండాకాలంలో తెల్లవారుజామునే పోయాలి. మధ్యాహ్నం ఆకులు వాలాయని కంగారుపడి పోస్తే మట్టిలోని వేడికి తడి తోడై వేరు ఉడుకుతుంది. సాయంత్రానికి తేరుకుంటే దానికి నీళ్ల కరువు లేదు, ఎండకు తట్టుకోలేక ముడుచుకుందంతే.

7. మిద్దె మీద నెట్ గది

చలి దేశాల్లో మొక్కలకు గాజు గది (కన్సర్వేటరీ) కట్టుకునేది వేడిని లోపల పట్టి ఉంచడానికి. మనకు కావాల్సింది వేడి తగ్గాలి, తేమ నిలవాలి. గాజు, పాలికార్బనేట్ షీట్ల జోలికి పోతే మేలో లోపల ఆవిరి కుడుమవుతుంది. పచ్చ షేడ్ నెట్టే మన కన్సర్వేటరీ.

ఎనిమిది నుంచి తొమ్మిది అడుగుల ఎత్తులో ఇనుప పైపుల చట్రం, పైన సక్యులెంట్లకు సగం ఎండను ఆపే 50 శాతం నెట్, ఆకు మొక్కలకు 75 శాతం. పడమటి వైపు పూర్తిగా కప్పండి, తూర్పు తెరిచి ఉంచండి. తీరం దగ్గరి ఊళ్లలో మధ్యాహ్నం దాటాక సముద్రపు గాలి అటునుంచే వస్తుంది. నేల మీద గోనెసంచులు పరిచి రోజూ రెండు పూటలా తడిపితే ఫెర్న్‌లు, ఆంథూరియంలు ఆ తేమకే బతుకుతాయి. కుండీలను గుంపుగా, పెద్దవి వెనక, చిన్నవి ముందు పెట్టండి. ఒకదాని తేమ ఒకదానికి పనికొస్తుంది.

బరువు మరచిపోవద్దు. తడిసిన తోట మట్టి లీటరుకు దాదాపు కిలోన్నర తూగుతుంది. నలభై లీటర్ల తొట్టి అంటే అరవై కిలోలు. పెద్దవాటిని బీముల మీదుగా, గోడల వెంబడి సర్దండి. నెట్‌ను పైపులకు శాశ్వతంగా బిగించకుండా కొక్కేలకు తగిలించండి. ఎందుకో కింద చెబుతాను.

8. రెండు గండాలు

మే: రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, కుండీలెంత? ఏప్రిల్ మూడో వారానికే రెండో పొర నెట్ వేయండి. ఎరువులు ఆపేయండి. కత్తిరింపులు, కుండీ మార్పులు ఏవీ వద్దు. హవర్తియాలకు పది పదిహేను రోజులకోసారి కొద్దిగా తడి. అడీనియం మాత్రం ఈ కాలంలోనే పూస్తుంది, దానికి నీళ్లు తగ్గించకండి.

అక్టోబర్: స్వాతి కార్తె రాకముందే సక్యులెంట్లన్నీ కప్పు కిందికి చేరాలి. ఒక్క వాన ఏమీ చేయదు. నాలుగు రోజులు వదలని ముసురే చంపుతుంది. వెలుతురు ఉండి వాన పడని చోటు ముఖ్యం. అప్పటి నుంచి జనవరి దాకా అడీనియంకు నీళ్లు బాగా తగ్గించండి, ఆకులు రాల్చితే రాల్చనివ్వండి. ఆకు మొక్కలను మాత్రం తొలి వానలో ఒక పూట బయట పెట్టండి, ఎండాకాలమంతా చేరిన ఉప్పు కడుక్కుపోతుంది.

తుపాను హెచ్చరిక రాగానే నెట్ కొక్కేలు విప్పేయండి. గాలికి నెట్ తెరచాపలా పనిచేసి చట్రాన్నే లేపుతుంది. వేలాడే కుండీలు దింపి పిట్టగోడ మూలకు చేర్చండి. ఎత్తైన పామ్ తొట్లను ముందే పక్కకు పడుకోబెడితే విరగవు. మిద్దె మీద నీళ్లు పోయే తూము దగ్గర ఆకులు, కొబ్బరి పొట్టు అడ్డం లేకుండా చూసుకోండి.

9. పురుగులు

పిండినల్లి కనిపిస్తే దూదిని సర్జికల్ స్పిరిట్‌లో ముంచి ఒక్కొక్కటీ తుడవండి. ఎక్కువగా ఉంటే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం ద్రవ సబ్బు కలిపి సాయంత్రం చల్లండి. ఆకుల మీద బూడిద పూతలాంటి పొర ఉండే సక్యులెంట్ల మీద నూనె చల్లకూడదు, ఆ పొర పోతే తిరిగి రాదు. పడమటి గాలి రోజుల్లో ఆకు వెనక సాలెగూడు లాంటి సన్నటి బూజు, పైన సూది మొనంత మచ్చలు వస్తే ఎర్రనల్లి. నీళ్ల పైపుతో ఆకు అడుగు భాగం గట్టిగా కడగడమే దానికి మొదటి మందు. కొత్తగా కొన్న మొక్కను రెండు వారాలు విడిగా ఉంచితే సగం బాధలు ఇంట్లోకి రావు.

10. పిల్ల మొక్కలు

స్నేక్ ప్లాంట్ ఆకును నాలుగంగుళాల ముక్కలుగా కోసి, ఏది కిందిదో గుర్తు పెట్టుకుని ఇసుకలో గుచ్చితే వేర్లొస్తాయి. పసుపు అంచు రకానికి మాత్రం ఇలా చేస్తే పిల్లలు పచ్చగానే పుడతాయి. అంచు కావాలంటే దుంప చీల్చి నాటాల్సిందే. మనీ ప్లాంట్‌కు కణుపు ఉన్న తీగ ముక్క చాలు.

అడీనియం కాయలు జంట కొమ్ముల్లా వస్తాయి. పండి చీలగానే రెండు చివరలా కుచ్చులున్న గింజలు గాలికి ఎగిరిపోతాయి. అందుకని కాయ రంగు మారడం మొదలవగానే దారంతో మూడు చోట్ల వదులుగా చుట్టండి. చీలినా గింజలు లోపలే ఉంటాయి. కుచ్చులు తీసి, ఊక, ఇసుక మిశ్రమం మీద అడ్డంగా పరిచి పైన పలచగా మట్టి చల్లితే వారంలోపు మొలకెత్తుతాయి. విత్తన మొక్కకే లావు దుంప వస్తుంది, కొమ్మ నాటితే అంత రాదు. తల్లి పువ్వు రంగే వస్తుందన్న హామీ లేదు. అదే రంగు కావాలంటే ఏడాది వయసున్న మొలక మీద అంటు కట్టించుకోవాలి. దానికి కూడా ఫిబ్రవరి, మార్చిలే అనువు.